నేలమీద ఆకాశము కట్టిన మనిషి

ద్రోణాచార్యుడు కురుకుమారుల విలువిద్యను పరీక్షింపదలచి చెట్టుకొమ్మమీద నిలిపినది ప్రాణమున్న పక్షి కాదు. శిల్పులచేత చేయించిన బొమ్మపక్షి. బాణము తప్పినను నష్టము లేదు, తగిలినను ఒక ప్రాణి చావదు. యుద్ధమునకు ముందు యుద్ధమువంటిది ఒకటి ఉండవలెనను ఆలోచన అంత ప్రాచీనమైనది. నేడు నౌకాదళములో చేరిన యువకుడు చీకటిగదిలో కూర్చుండి, కళ్లజోడువంటి ఒక యంత్రమును ముఖమునకు తగిలించుకొనును. ఎదుట సముద్రము లేచును. అలలు పడవను ఎత్తి కుదిపివేయును, పొగమంచులోనుండి మరొక నౌక హఠాత్తుగా అడ్డము వచ్చును. పొరపాటున చుక్కాని తప్పుత్రోవకు త్రిప్పినచో పడవ మునుగును. అప్పుడతడు జోడు తీసి, చెమట తుడుచుకొని, మరల మొదటినుండి ఆరంభించును. మన విశాఖపట్టణములో జలాంతర్గామి విద్య నేర్పు ఐ.ఎన్.ఎస్. శాతవాహన మొదలుకొని లోకములోని పెద్ద నౌకాదళముల పాఠశాలలన్నిటను, నావికుని చదువులో కొంతభాగము ఇట్లు ఒడ్డుమీదనే, అనుకరణ యంత్రములలోనే సాగుచున్నది.

ఈ యంత్రముల వంశవృక్షమును పట్టుకొని వెనుకకు పోయినచో, అమెరికాలో ఒక పియానో కర్మాగారపు నేలమాళిగలో తిత్తులమీద ఊగుచున్న ఒక చెక్కపెట్టె కనిపించును. దానిని చేసినవాడు ఎడ్విన్ ఆల్బర్ట్ లింకు. ఆకాశమును నేలమీదికి దింపి, పడిపోవుటకు కూడ భయములేని చోటును వేలమందికి కల్పించినవాడతడు. అటువంటివాడు జీవితపు రెండవ సగమును సముద్రమునకు అంకితము చేసినాడు. ఆ సముద్రమే అతనివద్దనుండి తీసికొన్నది కూడ.

లింకు 1904వ సంవత్సరము జూలై 26వ తేదీన ఇండియానా రాష్ట్రములోని హంటింగ్టన్ అను ఊరిలో జన్మించినాడు. 1910లో కుటుంబము న్యూయార్కు రాష్ట్రములోని బింగ్‌హాంటన్ పట్టణమునకు తరలిపోయినది. అక్కడ దివాలా తీసిన ఒక సంగీతయంత్రముల కర్మాగారమును తండ్రి తీసికొని నిలబెట్టినాడు. అది తమంత తాము వాయించుకొను పియానోలను, సినిమాశాలలలో మూకచిత్రములకు తోడుగా మ్రోగు పెద్ద ఆర్గనులను తయారుచేయు కర్మాగారము. మన నాటకములవారి హార్మోనియమును విప్పి చూచినవారికి ఆర్గను గుట్టు కొంత తెలిసియే ఉండును. ఒక తిత్తి, దానిలో గాలి, గాలిని విడుచుటకు చిన్న తలుపులు. తమంత తాము వాయించుకొను పియానోలో ఇదే పనిని, రంధ్రములు పొడిచిన కాగితపు చుట్ట ఒకటి నడిపించును. ఎక్కడ రంధ్రమున్నదో అక్కడ గాలి దూరును, తిత్తి ముడుచుకొనును, మెట్టు క్రుంగును, స్వరము పలుకును. చిన్నవాడు ఈ తిత్తుల మధ్యనే పెరిగినాడు. వాటిని మరమ్మతు చేయుట నేర్చినాడు. కళాశాల మెట్లెక్కి పట్టము పుచ్చుకొన్నవాడు కాడు గాని, గాలిని ఎట్లు బంధింపవలెనో, ఎప్పుడు విడువవలెనో అతని చేతులకు తెలిసినంతగా ఏ ఆచార్యునికిని తెలిసియుండదు.

పదునారేండ్ల ప్రాయములో, 1920లో, కాలిఫోర్నియాలో అతడు మొదటిసారి విమానవిద్యకు డబ్బు కట్టినాడు. చార్లీ చాప్లిన్ సోదరుడైన సిడ్నీ చాప్లిన్ నడుపుచున్న విమానశాలలో ఒక్క పాఠమునకు 50 డాలర్లు. ఆ రోజులలో అది చిన్న మొత్తము కాదు. ఆ పాఠములో జరిగినదేమి? గురువు విమానమును ఆకాశములో మొగ్గలు వేయించినాడు, గిరగిర త్రిప్పినాడు, ఇండ్ల కప్పులమీదుగా తోలినాడు. శిష్యుడు మాత్రము నడుపు కడ్డీని ఒక్కసారియైనను ముట్టలేదు. దిగివచ్చిన తరువాత చూచుకొనగా జేబు ఖాళీ అయినది, విద్య ఒక్క అక్షరమును అబ్బలేదు. ఉపాధ్యాయవృత్తిలో నున్నవారికి ఈ కథ కొంత నొప్పి కలిగింపవచ్చును. తాను చేసి చూపుటయే బోధన అనుకొను గురువు ఆ విమానశాలలో మాత్రమే ఉన్నాడా! కాని తప్పు గురువుదే అనుటయు న్యాయము కాదు. ఆకాశములో శిష్యుని చేతికి కడ్డీ ఇచ్చి, అతడు తప్పు చేసినచో ఇద్దరును చావవలసినదే. నేర్చుకొనవలెనన్న తప్పు చేయవలెను. తప్పు చేసినచో బ్రదుకరు. ఈ చిక్కుముడియే లింకు మనస్సులో నాటుకొన్నది.

తండ్రికి ఈ విమానముల పిచ్చి నచ్చలేదు. అయినను కుమారుడు మానలేదు. కర్మాగారములో పనిచేయుచునే, దొరికిన విమానమెక్కి, దొరికిన వైమానికుని బ్రతిమాలి, కొద్దికొద్దిగా నేర్చినాడు. 1927లో సెస్నా కంపెనీ అమ్మిన మొట్టమొదటి విమానము అతనికే చేరినది. ఊరూర జనమును ఎక్కించి త్రిప్పుట, విమానము నడుపుట నేర్పుట మొదలైన పనులతో పొట్ట పోసికొన్నాడు. ఆ నేర్పుటలోనే మరల పాత ప్రశ్న ఎదురైనది. ఇంత ఖరీదైన పెట్రోలు కాల్చి, ఇంత ప్రమాదమునకు ఒడ్డి నేర్పు మొదటి పాఠములను నేలమీద నేర్పలేమా?

దాదాపు ఏడాదిన్నర కాలము కర్మాగారపు నేలమాళిగలో అతడు శ్రమించినాడు. చేసిన పని వినుటకు అతి సామాన్యము. విమానపు ముందుభాగమును పోలిన చిన్న చెక్కపెట్టె. దానికి పొట్టి రెక్కలు, తోక. లోపల ఒక పీట, ఒక నడుపు కడ్డీ, కాళ్లక్రింద చుక్కాని మెట్లు. పెట్టె క్రింద, ఒక తిరుగుడు కీలు చుట్టును, ఆర్గను తిత్తులు. విద్యుత్తుతో నడచు పంపు ఆ తిత్తులలోని గాలిని పీల్చుచుండును. కడ్డీని ఎడమకు వంచగానే ఒక చిన్న తలుపు తెరచుకొని ఎడమ తిత్తిలోని గాలి పోవును, తిత్తి ముడుచుకొనును, పెట్టె ఎడమకు ఒరుగును. కడ్డీని ముందుకు త్రోసినచో ముక్కు క్రిందికి వంగును. ముందుచూపు లేక కడ్డీని మొరటుగా లాగిన శిష్యుడు నిజమైన విమానములో వలెనే తల్లక్రిందులగుచున్నట్లు భావించును. కాని అతని క్రింద ఉన్నది నాలుగడుగుల ఎత్తు మాత్రమే. పాట పాడవలసిన తిత్తులు ఇట్లు విమానము పాఠము చెప్పినవి. లింకు దీనికి పేటెంటు కోరినాడు. 1931లో అది మంజూరైనది.

గొప్ప వస్తువు పుట్టగానే లోకము పరుగెత్తివచ్చి కొనలేదు. సైన్యమువారు చూచి ఊరకున్నారు. విమానపాఠశాలలవారు నవ్వినారు. కొన్నవారెవరన, వినోదశాలల యజమానులు. తిరునాళ్లలో రంగులరాట్నము ప్రక్కన ఈ పెట్టెను నిలిపి, నాణెము వేసినవానికి విమానప్రయాణపు భ్రమను అమ్ముకొన్నారు. తండ్రి కర్మాగారము కూడ ఆ కాలముననే దెబ్బతిన్నది. మాటలాడు చిత్రములు వచ్చినవి; సినిమాశాలలలో ఆర్గనులతో పని లేకపోయినది. మన దేశములోను టాకీల రాకతో ఎందరు హార్మోనియము వాద్యగాండ్రు వీథిన పడినారో పెద్దవారు చెప్పుకొన్నదే. దానికి తోడు 1929 నాటి ఆర్థికమాంద్యము. లింకు ఒక విమానపాఠశాల తెరచి, మొదటి పాఠములు పెట్టెలో, చివరి పాఠములు ఆకాశములో చెప్పి, మొత్తము విద్యకు 85 డాలర్లు మాత్రమే తీసికొన్నాడు. అదియు చాలక, విమానపు రెక్కల అడుగున విద్యుద్దీపములు అమర్చి, రాత్రులందు ఆకాశములో వ్యాపార ప్రకటనలు వెలిగించినాడు. ఆ దీపములను వెలిగించి ఆర్పినది మరేదియు కాదు. రంధ్రములు పొడిచిన పియానో కాగితపు చుట్టయే.

1931లో మేరియన్ క్లేటన్ అను పత్రికావిలేఖిని అతని భార్య అయినది. అప్పటినుండి అతని కర్మాగారము లెక్కలలోను, తరువాత సముద్రయాత్రలలోను ఆమె సగపాలు. భర్త చేసినదానిని భద్రముగా వ్రాసిపెట్టినది ఆమెయే.

ఇక 1934వ సంవత్సరము. విమానపు టపా కాంట్రాక్టులలో అక్రమములు జరిగినవని అధ్యక్షుడు రూజ్‌వెల్టు వాటిని రద్దుచేసి, టపా మోయు పనిని ఫిబ్రవరి 19వ తేదీనుండి సైనికవిమానదళమునకు అప్పగించినాడు. ఆ సైనికులు ధీరులే. కాని చీకటిలోను, మేఘములలోను విమానము నడుపుట వారికి సరిగా తెలియదు. పగలు, వెలుతురులో, కండ్లతో నేలను చూచుచు నడుపుట మాత్రమే తెలియును. పైగా ఆ శీతకాలము అతి క్రూరమైనది. కొద్ది వారములలోనే పదిమందికి పైగా వైమానికులు కూలి మరణించినారు. దేశమంతట గగ్గోలు పుట్టినది.

మేఘములో చిక్కిన వైమానికుడు చచ్చుటకు కారణము అతని శరీరమే. మన చెవుల లోపల సమతుల్యమును చెప్పు చిన్న గొట్టములున్నవి. కంటికి నేల కనబడుచున్నంతసేపు అవి చెప్పునది మనకు సాయము. కన్ను మూతపడిన క్షణమునుండి అవియే అబద్ధము చెప్పును. విమానము మెల్లమెల్లగా ఒరుగుచున్నను తాను నిటారుగా ఉన్నట్లే తోచును. సరిదిద్దుకొన్నప్పుడు ఒరిగినట్లు తోచును. ఎదుటనున్న పరికరముల ముల్లు ఒకటి చెప్పును, ఒళ్లు మరొకటి చెప్పును. ఒంటిని నమ్మినవాడు నేల కూలును. ముల్లును నమ్మినవాడు ఇల్లు చేరును. ఒంటిమాట విననేకూడదను ఈ నిగ్రహము పుస్తకము చదివినంత మాత్రమున రాదు. లింకు పెట్టెకు ఇప్పుడొక మూత వచ్చినది. మూత వేసినచో లోపలివానికి లోకము కనబడదు; దీపపు వెలుగులో పరికరముల ముండ్లు మాత్రమే కనబడును. నేడు కండ్లకు కట్టుకొను జోడునకు మూలము ఈ మూతయే అనవచ్చును. జోడు కొత్త లోకమును చూపును. మూత ఉన్న లోకమును దాచినది. పాఠము మాత్రము ఒక్కటే.

సైన్యాధికారులు న్యూజెర్సీలోని నెవార్కు విమానాశ్రయములో లింకును చూచుటకు అంగీకరించినారు. ఆనాడు దట్టమైన పొగమంచు. ఇటువంటి వాతావరణములో ఎవడును రాడని వారు నిశ్చయించుకొని లేచిపోబోవుచుండగా, ఆ మంచును చీల్చుకొని ఒక విమానము దిగినది. అందులోనుండి లింకు దిగివచ్చినాడు. ఇక వాదముతో పని ఏమున్నది! సైన్యము ఆరు యంత్రములు కొన్నది, ఒక్కొక్కటి 3,500 డాలర్లకు. మరుసటి సంవత్సరము జపాను నౌకాదళము కూడ ఈ యంత్రములను కొన్నది. ఆరేండ్ల తరువాత పెరల్ హార్బరుమీద విరుచుకుపడిన నౌకాదళమది. పాఠశాలకు శత్రుమిత్ర భేదము తెలియదు.

రెండవ ప్రపంచయుద్ధములో ఈ యంత్రమునకు నీలిపెట్టె అని ముద్దుపేరు వచ్చినది. నీలిరంగు ఒడలు, పసుపురంగు రెక్కలు. పెట్టె ప్రక్కన గురువు ఒక బల్లయొద్ద కూర్చుండెడివాడు. బల్లమీద పరచిన దేశపటముమీద మూడు చక్రముల చిన్న పరికరమొకటి, ఎండ్రకాయ అను పేరుగలది, ప్రాకుచు, శిష్యుడు మూతలోపల ఊహలో ప్రయాణించుచున్న త్రోవను సిరాతో గీయుచుండెడిది. మూత తీసి బయటికి వచ్చిన కుర్రవాడు తాను క్షేమముగా గమ్యము చేరితినని మురిసిపోవుచుండగా, ఆ సిరాగీత కొండను గ్రుద్దుకొని ఉండుట చూచి ముఖము వెలవెలబోయెడిది. చచ్చిపోయి, తన చావును తానే పటముమీద చూచుకొని, మరునాడు మరల వచ్చి కూర్చుండుట మానవచరిత్రలో అంతకుముందు ఎవరికి సాధ్యమైనది? యుద్ధము ముగియునాటికి తయారైన యంత్రములు 10,000కు పైగా. వాటిలో శిక్షణ పొందినవారు 5 లక్షలకు పైగా అని లెక్క.

అంతకంటెను అద్భుతమైనది మరొకటి ఉన్నది. అట్లాంటికు మహాసముద్రముమీద రాత్రివేళ విమానములను నడపవలసిన బ్రిటిషువారికి, దిక్కు తెలిసికొనుటకు నక్షత్రములు తప్ప వేరు ఆధారము లేదు. 1939లో వారు అడుగగా, నౌకాయానశాస్త్రములో పండితుడైన వీమ్స్ అను నౌకాదళాధికారి తోడ్పాటుతో లింకు 45 అడుగుల ఎత్తుగల గోపురమువంటి కట్టడమును రూపొందించినాడు. లోపల పైకప్పునంటి కృత్రిమమైన నక్షత్రమండలము. కాలమును, అక్షాంశమును అనుసరించి ఆ చుక్కలు కదలును. మధ్యలో వ్రేలాడు విమానపు గది, దానిలో బాంబరు విమానపు సిబ్బంది. క్రింద, తెరమీద, మెల్లగా జారిపోవుచున్న నేల. మయసభలో దుర్యోధనుడు నేలను నీరనుకొని, నీటిని నేలయనుకొని భంగపడినాడు. ఆ భంగపాటునుండి కురుక్షేత్రము పుట్టినది. ఇది మరొక మయసభ. ఇక్కడ భంగపడినవాని నెవరును నవ్వలేదు. భంగపడుటకే అతనిని అందులోనికి పంపినారు. గది, చుట్టును బొమ్మలోకము, ఆ లోకములో ఒక పని అను నేటి అనుకరణ నౌకాశాలల స్వరూపమంతయు ఈ గోపురములో అప్పుడే ఉన్నది. ఒడ్డుమీది గదిలో నౌక యొక్క చుక్కాని గదిని కట్టి, కిటికీల ఆవల తెరలమీద సముద్రమును నడిపించు నేటి శిక్షణశాలను చూచినవారికి ఆ పోలిక తెలియును.

యుద్ధానంతరము కీర్తియు ధనమును వచ్చినవి. 1945లో ఫ్రాంక్లిన్ సంస్థ అతనికి పాట్స్ పతకమిచ్చినది. 1953లో భార్యాభర్తలిద్దరును తమ పేర ఒక ధర్మనిధిని స్థాపించినారు. అనుకరణ శిక్షణలోను, సముద్రశాస్త్రములోను పరిశోధించు విద్యార్థులకు అది వేతనములిచ్చుచు వచ్చినది. 1954లో కర్మాగారము మరొక పెద్ద సంస్థలో లీనమైనది. ఏబదేండ్ల వయస్సు. ఇంకొకడైనచో వాకిట కుర్చీ వేసికొని కూర్చుండెడివాడు. లింకు సముద్రమువైపు తిరిగినాడు.

మొదట అది వినోదమే. తెరచాపల పడవ, ఫ్లారిడా తీరము, నీటిక్రింద పగడపు దిబ్బలు. 1951లో, 1744లో మునిగిన లూ అను బ్రిటిషు యుద్ధనౌక శిథిలములను వెదకినవారిలో అతడును ఉన్నాడు. ఆపై సీ డైవర్ అను నౌకను సమకూర్చుకొన్నాడు. అది చాలక నీటిక్రింది పురావస్తు పరిశోధన కొరకే అదే పేరుతో 91 అడుగుల కొత్త నౌకను కట్టించినాడు. దానితో 1959లో జమైకా ద్వీపములోని పోర్ట్ రాయల్ నగరమును పరిశోధించినాడు. అది 1692 జూన్ 7వ తేదీన భూకంపములో సముద్రములోనికి జారిపోయిన పట్టణము. బురదలోనుండి వెలికివచ్చిన వస్తువులలో ఒక ఇత్తడి గడియారమున్నది. దాని ముండ్లు కరగిపోయినవి. కాని అంటుకొన్న సున్నపు పెంకుమీద వాటి జాడ మిగిలియున్నదని ఎక్స్‌రే చూపినది. పగలు 11 గంటల 43 నిమిషములు. ఒక నగరము మరణించిన నిమిషము అట్లు తెలియవచ్చినది.

నీటిలో పనిచేయుచున్నకొలది లింకునకు మరొక చిక్కు కనబడినది. లోతులోనికి దిగిన మనిషి అక్కడ పనిచేయగలుగునది కొన్ని నిమిషములే. పైకి వచ్చుటకు మాత్రము గంటలు పట్టును. ఒత్తిడిలో రక్తములో కరగిన వాయువు, తొందరగా పైకి వచ్చినచో సోడాబుడ్డి మూత తీసినట్లు పొంగి ప్రాణము తీయును. కాబట్టి మనిషిని పైకి తేకుండ అక్కడనే ఉంచవలెను, తినుటకు, నిద్రించుటకు, పని చేయుటకు. దీనికొరకు అల్యూమినియపు పెద్ద గొట్టమువంటి గది ఒకటి చేసినాడు. 1962 ఆగస్టులో, మధ్యధరా సముద్రములో, విల్‌ఫ్రాంష్ రేవుయొద్ద, 58 ఏండ్ల వయస్సులో, 60 అడుగుల లోతున 8 గంటలు మొదట తానే అందులో ఉన్నాడు. శిష్యుని పంపుటకు ముందు గురువు దిగుట అతని నియమము. సెప్టెంబరులో బెల్జియము దేశీయుడు రాబర్ట్ స్టెనూయి 200 అడుగుల లోతున ఒక రోజుకు పైగా గడపినాడు. 1964లో బహామా దీవులయొద్ద స్టెనూయియు, అట్లాంటికును ఒంటరిగా దాటిన వైమానికుడు లిండ్‌బర్గు కుమారుడైన జాన్ లిండ్‌బర్గును 432 అడుగుల లోతున, రబ్బరు గుడారములో, 49 గంటలు నివసించినారు. అక్కడ వారు పీల్చినది హీలియము కలిపిన గాలి. హీలియము ఒంటి వేడిని త్వరత్వరగా లాగివేయును. లోతున మనిషికి శత్రువు ఒత్తిడి ఒక్కటియే కాదు, చలియు అని ఆ యాత్రలన్నియు చెప్పుచునే ఉన్నవి.

1963 ఏప్రిలులో అమెరికా నౌకాదళపు జలాంతర్గామి థ్రెషర్ 129 మందితో మునిగిపోయినది. ఇటువంటి ఆపదలలో ఏమి చేయవలెనో ఆలోచించుటకు ఏర్పడిన సంఘములో లింకు కూడ పనిచేసినాడు. మునిగినవారిని ఎట్లు పైకి తెచ్చుటయను ప్రశ్న అతనికి అప్పటినుండియు ఉన్నది.

1971లో, ధనికుడైన సివర్డ్ జాన్సన్ అండతో, జాన్సన్ సీ లింకు అను చిన్న జలాంతర్గామి నీటిలోనికి వచ్చినది. ముందుభాగము స్వచ్ఛమైన ఆక్రిలిక్ గోళము. అందులో కూర్చున్నవారికి సముద్రము చుట్టును కనబడును. అనుకరణ కాదు, నిజమైన సముద్రము. వెనుక భాగము అల్యూమినియపు గది. ఈతగాండ్రు అక్కడనుండి నీటిలోనికి పోయి పని చేసికొని తిరిగి రావచ్చును. లింకు జీవితములో నేర్చినదంతయు ఆ ఓడలో ఉన్నదనవచ్చును.

1973 జూన్ 17వ తేదీ, ఆదివారము. ఫ్లారిడా దక్షిణాగ్రములో కీ వెస్టు తీరమునకు ఆవల, కృత్రిమ దిబ్బగా ఉండుటకై ముంచివేసిన పాత యుద్ధనౌకయొద్ద, చేపలను పట్టుటకు పెట్టిన బోను ఒకటి పైకి తేవలెను. సామాన్యమైన పని. నలుగురు దిగినారు. ముందు గోళములో ఇద్దరు. వెనుక గదిలో ఆల్బర్ట్ స్టోవర్ అను అనుభవశాలియు, లింకు కుమారుడు, 31 ఏండ్ల ఎడ్విన్ క్లేటన్ లింకును. క్లేటన్ చిన్ననాటినుండి తల్లిదండ్రులతోపాటు సముద్రమునకు అలవాటుపడి, తండ్రి పనిలో కలిసిపోయినవాడు. 360 అడుగుల లోతున ప్రవాహము బలముగా ఉన్నది. పాత నౌకనుండి వ్రేలాడుచున్న తీగలలో జలాంతర్గామి చిక్కుకొన్నది. కదలుటకు చేసిన ప్రయత్నములు ఫలింపలేదు.

పైన సీ డైవరులో తండ్రి. క్రింద కుమారుడు. నడుమ 360 అడుగుల నీరు. నౌకాదళపు ఈతగాండ్రు వచ్చి దిగినారు. ప్రవాహము, చిక్కుతీగలు వారిని చేరనీయలేదు. మరొక చిన్న జలాంతర్గామి వచ్చి ప్రయత్నించి విఫలమైనది. ఆ పగలు గడచినది, రాత్రి గడచినది. మనుష్యులు విడిచిన బొగ్గుపులుసు వాయువును పీల్చుకొనుటకు ప్రతి గదిలోను ఒక రసాయనచూర్ణమున్నది. కాని ఆ చూర్ణము చల్లబడినచో సరిగా పనిచేయదు. ముందుగోళపు ఆక్రిలిక్ చలిని లోనికి రానీయలేదు. వెనుకగది అల్యూమినియము, వంటింటి గిన్నెవలె లోపలి వేడిని నీటికి అప్పగించివేసినది. అక్కడ పలుచని బట్టలతోనున్న ఇద్దరికి చలియు ఎక్కువైనది, విషవాయువును ఎక్కువైనది. మరునాటి సాయంకాలము ఒక నౌక కొక్కెమును దింపి జలాంతర్గామిని చిక్కునుండి లాగి పైకి తేగలిగినది. ముందు ఉన్న ఇద్దరు బ్రదికినారు. వెనుక ఉన్న ఇద్దరు అప్పటికే లేరు. కుమారుని మరణవార్తను లోకమునకు తెలుపవలసిన పని కూడ తండ్రిమీదనే పడినది.

నేలమీద ఆకాశమును కట్టి ఇతరుల బిడ్డలకు తప్పు చేయు అవకాశమిచ్చిన చేతులే ఈ ఓడను కూడ రూపొందించినవి. ఒక్క లోహపు స్వభావము, ఒక్క చూర్ణపు స్వభావము. విడివిడిగా రెండును తెలిసినవే. ఆ రెండును కలిసిన నాడు ఏమగునో చూపుటకు ముందుగా ఏ నీలిపెట్టెయు లేకపోయినది. ఇందులో తండ్రిని నిందించుట సులభము. ఆనాటి పత్రికలలో ప్రశ్నలు పుట్టకపోలేదు. అతనికంటె గట్టిగా అతనిని ప్రశ్నించినవారు ఉండరని మాత్రము తరువాత అతడు చేసిన పనియే చెప్పుచున్నది.

69వ ఏట అడుగుపెట్టబోవుచున్న ఆ వృద్ధుడు సముద్రమును విడిచి పోలేదు. బల్లయొద్ద కూర్చుండి మనిషి లేని యంత్రమొకదానిని చిత్రించుట మొదలుపెట్టినాడు. పైనున్న నౌకనుండి తీగతో నడచునది. దీపములు, టెలివిజను కన్ను, తీగలను పట్టుటకు, కోయుటకు ఇనుపచేతులు. చిక్కుకొన్న జలాంతర్గామిని వెదకి, దానిని బంధించిన తీగను తెంపుటకు మరొక తండ్రి కుమారుని పంపనక్కరలేని పరికరమది. దానికి కార్డు అని పేరు. అతని శేషజీవితములోని శ్రమ చాలవరకు దానికే చెల్లినది. జాన్సన్ సీ లింకు ఓడలను కూడ సవరించి మరల సముద్రములోనికి పంపినారు.

1981 సెప్టెంబరు 7వ తేదీన, చిన్ననాడు తిత్తులు కుట్టుట నేర్చిన బింగ్‌హాంటన్ పట్టణముననే, 77వ ఏట లింకు కన్నుమూసినాడు. చంద్రమండలమునకు పోయిన అపోలో యాత్రికులు భూమిమీద సాధన చేసిన అనుకరణ గదులు అతడు స్థాపించిన సంస్థ తయారుచేసినవే. తరువాత అంతరిక్షనౌకల సిబ్బంది సాధన చేసిన గదియు ఆ సంస్థ చేసినదే. 1986 జనవరి 28వ తేదీన చాలెంజర్ అను అంతరిక్షనౌక, అట్టి గదిలో నెలల తరబడి సాధన చేసిన ఏడుగురితో, ఫ్లారిడా తీరముమీద ఆకాశములో పగిలిపోయి అట్లాంటికు సముద్రములో రాలినది. ఆ శకలములను నీటి అడుగున వెదకి తెచ్చుటకు దిగిన ఓడలలో జాన్సన్ సీ లింకు ఒకటి.